జూన్‌లో పన్నెండు రోజులకు ఆగిన యుద్ధం మళ్లీ మొదలైతే ఎక్కడ ఆగుతుంది? (పశ్చిమాసియా చర్చ)

కృష్ణాతీరం — 14 అక్టోబరు 2025, ఉదయం

గాజాలో ఈ నెల 10వ తేదీన కాల్పుల విరమణ మొదలైంది. ప్రాణాలతో ఉన్న బందీలు నిన్న ఇళ్లకు చేరారు. దీనితో పశ్చిమాసియాకు పెద్ద గండం గడిచినట్టేనని వార్తా ఛానళ్లు చెబుతున్నాయి. నాకు మాత్రం ఆ ధీమా కలగడం లేదు, ఎందుకంటే నా భయమంతా ఇరాన్ వైపు నుంచే.

జరిగినదాన్ని ఒకసారి వరుసగా గుర్తు చేసుకుందాం. 2024 ఏప్రిల్ 1న డమాస్కస్‌లోని ఇరాన్ కాన్సులేట్ భవనంపై దాడి జరిగింది, అది ఇజ్రాయెల్ పనేనని ఇరాన్ అంది. రెండు వారాలకు ఇరాన్ తొలిసారి తన గడ్డ మీది నుంచే ఇజ్రాయెల్‌పై మూడు వందలకు పైగా డ్రోన్లను, క్షిపణులను వదిలింది. అదే ఏడాది అక్టోబరు 1న రెండోసారి ప్రయోగించినప్పుడు దాదాపు అన్నీ బాలిస్టిక్ క్షిపణులే. 2025 జూన్ 13న ఇజ్రాయెల్ నేరుగా ఇరాన్‌లోని అణుకేంద్రాలను, సైనికాధికారులను లక్ష్యంగా చేసుకుంది. జూన్ 22న అమెరికా బాంబర్లు ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్ కేంద్రాలపై దాడి చేశాయి. మరునాడు ఖతార్‌లోని అమెరికా స్థావరం అల్ ఉదైద్‌పై ఇరాన్ క్షిపణులు వేసింది. 24వ తేదీకి కాల్పుల విరమణ వచ్చింది.

ప్రతి విడతలోనూ అంతకు ముందు ఎవరూ దాటరనుకున్న గీత ఒకటి చెరిగిపోయింది, అయినా ప్రతిసారీ ఎక్కడో ఒకచోట ఆగింది. ఆగడానికి కారణాలేమిటి, ఆ కారణాలు ఇప్పటికీ మిగిలి ఉన్నాయా అన్నదే ఈ చర్చ. ఎవరిది న్యాయం అన్న వాదన మన వేదికలో ఇదివరకే మూడు చోట్ల నడుస్తోంది, దయచేసి దాన్ని ఇక్కడికి తేవద్దని మనవి.

సందేహి — 14 అక్టోబరు, మధ్యాహ్నం

కృష్ణాతీరం గారూ, ప్రపంచయుద్ధం రేపో మాపో అన్న మాటను నేను చిన్నప్పటి నుంచీ వింటున్నాను. 1973 అక్టోబరు యుద్ధంలో సోవియట్ సేనలు ఈజిప్టుకు దిగవచ్చునన్న అనుమానంతో అమెరికా తన అణుబలగాలతో సహా సైన్యమంతటినీ అప్రమత్తం చేసింది, కొద్ది రోజులకే వేడి చల్లారింది. ఇరాన్, ఇరాక్ ఎనిమిదేళ్లు కొట్టుకున్నాయి. నాలుగు వందలకు పైగా వాణిజ్య నౌకలు దెబ్బతిన్నా, గల్ఫ్ నుంచి చమురు నౌకలు బయటికి వచ్చే హోర్ముజ్ జలసంధి ఒక్క రోజైనా మూతపడలేదు.

ఇరాన్ ముడిచమురు ఎగుమతుల్లో సుమారు తొంభై శాతం ఖార్గ్ దీవి నుంచి, అదే జలసంధి గుండా, అధిక భాగం చైనాకే పోతుంది. సొంత కొనుగోలుదారు గొంతు ఎవరైనా నొక్కుకుంటారా? అల్ ఉదైద్‌పై దాడి జరిగిన జూన్ 23నే బ్రెంట్ ముడిచమురు ధర ఏడు శాతం పడిపోయింది. క్షిపణులు గాలిలో ఉండగా చమురు ధర పడిపోవడమేమిటని ఆలోచిస్తే జవాబు దొరుకుతుంది. డబ్బు పెట్టినవాళ్లకు అది యుద్ధానికి ఆరంభంగా కనిపించలేదు, ముగింపుగా కనిపించింది. వాళ్ల అంచనాయే నిజమైంది.

ఎడారిబాట — 14 అక్టోబరు, రాత్రి

నేను జగిత్యాల జిల్లావాణ్ణి, దోహాలో ఒక నిర్మాణ సంస్థలో స్టోర్ కీపర్‌గా పని చేస్తున్నాను. సందేహి గారు చెప్పిన ఆ జూన్ 23 సాయంత్రం ఇక్కడి నుంచి ఎలా కనిపించిందో రాస్తాను.

ఆ రోజు మధ్యాహ్నానికే అమెరికా రాయబార కార్యాలయం తమ పౌరులను ఉన్నచోటనే ఉండమని సూచించినట్టు మా వాట్సాప్ బృందాలలో తిరిగింది. సాయంత్రానికి ఖతార్ గగనతలాన్ని మూసివేశారు. మా రూములో ఉండే ఒకతనికి ఆ రాత్రే హైదరాబాద్ విమానం. అట్టపెట్టెలకు తాళ్లు కట్టి, పైన మార్కర్‌తో పేరూ ఊరూ రాసి, తలుపు దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. ఏడున్నర ప్రాంతంలో చప్పుళ్లు మొదలయ్యాయి. క్యాంపు డాబా ఎక్కి చూస్తే నైరుతి దిక్కున నారింజ రంగు వెలుగులు పైకి లేచి, ఒక్కొక్కటే పగిలిపోతున్నాయి. కిటికీ అద్దాలు అదిరాయి. నిమిషాలలో అంతా అయిపోయింది. అర్ధరాత్రి దాటాక గగనతలం తెరిచారు, తెల్లవారి మేమందరం డ్యూటీకి వెళ్లాము.

ముందే చెప్పి చేసిన దాడి అని తరువాత తెలిసింది. చెప్పిన సంగతి పైవాళ్లకు తెలుసు, మాకు తెలియదు. సందేహి గారూ, చమురు ధర ఎంత పడిందో నేను చూడలేదు. విమానాశ్రయం ఎప్పుడు తెరుస్తారన్నది ఒక్కటే చూశాను. మా చిన్నాయన 1990లో కువైట్ నుంచి ఇరాక్ మీదుగా జోర్డాన్ సరిహద్దు చేరి, ఎడారి గుడారాలలో నీళ్ల ట్యాంకరు కోసం వరుసలో నిలబడి, చివరికి అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానం ఎక్కాడు. అలా వచ్చిన భారతీయులు లక్షా డెబ్బై వేల మంది. ఆ యుద్ధం కూడా మొదట రెండు దేశాల తగాదాయే.

నౌకామార్గం — 15 అక్టోబరు, ఉదయం

విశాఖపట్నం నుంచి రాస్తున్నాను, చమురు నౌకల్లో చీఫ్ ఆఫీసరుగా పని చేస్తున్నాను, ప్రస్తుతం సెలవులో ఉన్నాను. హోర్ముజ్ మూతపడుతుందా లేదా అన్న ప్రశ్నే సరిగా లేదన్నది నా అభిప్రాయం. తలుపు మూసినట్టు దాన్ని మూయనక్కర లేదు. నౌక యజమాని, బీమా సంస్థ, నావికుడు, ఈ ముగ్గురిలో ఒకరు వెనకాడితే చాలు.

రోజుకు సుమారు 2 కోట్ల బ్యారెళ్ల చమురు, అంటే ప్రపంచం వాడేదానిలో అయిదో వంతు, ఆ దారిన పోతుంది. లోపలికి ఒకటి, బయటికి ఒకటి, రెండు దారులు. ఒక్కొక్కటి రెండు నాటికల్ మైళ్ల వెడల్పు. జూన్‌లో మేము అక్కడ దాటుతున్నప్పుడు ఉపగ్రహ సంకేతాలను ఎవరో చెదరగొడుతున్నారు. తెర మీద మా నౌక ఇరాన్ నేల మీద, కొండల మధ్య ఉన్నట్టు చూపించింది. పక్కనున్న నౌకలు కొన్ని ఒకే బిందువు చుట్టూ గుండ్రంగా తిరుగుతున్నట్టు కనిపించాయి. రాడార్‌లో కోయిన్ దీవుల దిశనూ దూరాన్నీ తీసుకుంటూ, ఎలక్ట్రానిక్ చార్టుపై చేత్తో గుర్తులు పెట్టుకుంటూ వెళ్లాము. వెనకటి తరం అధికారులకు అది నిత్యకృత్యం. ఇప్పటి కుర్రవాళ్లకు పరీక్షలో రాసి మరిచిపోయిన పాఠం.

జూన్ 17న ఒమన్ సింధుశాఖలో ఫ్రంట్ ఈగిల్, అడలిన్ అనే రెండు ట్యాంకర్లు ఢీకొని మంటలు లేచాయి. నావికుల అంచనా తప్పడమే కారణమని యూఏఈ ప్రకటించింది. అందరూ బతికి బయటపడ్డారు, చల్లగా ముగిసింది. అదే ప్రమాదం అయిదు రోజుల తరువాత, అమెరికా బాంబులు పడిన రాత్రి జరిగి ఉంటే, మొదటి గంటలో దాన్ని ప్రమాదమని ఎవరు నమ్మేవారు?

సందేహి గారు ఉదహరించిన, ఇరాన్, ఇరాక్ పోరులో భాగంగా నడిచిన ట్యాంకర్ల యుద్ధానికే వస్తాను. జలసంధి మూతపడలేదన్నది నిజమే. 1987 మేలో ఇరాక్ క్షిపణులు పొరపాటున అమెరికా యుద్ధనౌక స్టార్క్‌కు తగిలి 37 మంది నావికులు చనిపోయారు. 1988 ఏప్రిల్‌లో ఇరాన్ మందుపాతర మరో అమెరికా నౌకను చీల్చితే, నాలుగు రోజులకే ఇరాన్ నౌకాదళంపై అమెరికా విరుచుకుపడింది. అదే ఏడాది జూలై 3న విన్సెన్స్ అనే యుద్ధనౌక, బందర్ అబ్బాస్ నుంచి దుబాయ్ వెళుతున్న ఇరాన్ ఎయిర్ 655 విమానాన్ని శత్రు యుద్ధవిమానమనుకుని కూల్చింది. చనిపోయినవారు 290 మంది, వారిలో పది మంది మన దేశస్థులు. మూతపడని జలసంధిలోనే ఇవన్నీ జరిగాయి.

పాతపత్రిక — 15 అక్టోబరు, సాయంత్రం

చరిత్ర అధ్యాపకుడిగా పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక 1914 ప్రస్తావన తేకుండా ఉండలేకపోతున్నాను, మన్నించాలి.

జూన్ 28న సారయేవోలో ఆస్ట్రియా యువరాజును కాల్చి చంపారు. ఆ తరువాత మూడు వారాలకు పైగా యూరప్ వేసవి సెలవుల్లో మునిగి ఉంది. జూలై 23న సెర్బియాకు ఆస్ట్రియా గడువు పెట్టింది, 28న యుద్ధం ప్రకటించింది. అక్కడి నుంచి ఆగస్టు 4 నాటికి రష్యా, జర్మనీ, ఫ్రాన్స్, బ్రిటన్ అన్నీ యుద్ధంలో ఉన్నాయి. అంటే నెల రోజుల తీరికకు తరువాయిగా ఒక్క వారం తొందర. ఆ వారంలో నిర్ణయాలు రాజుల చేతుల్లోంచి సేనల సమీకరణ ప్రణాళికల చేతుల్లోకి వెళ్లిపోయాయి. సేనలను తూర్పుకు మాత్రమే నడపమని ఆగస్టు 1న కైజర్ అడిగితే, రైళ్ల ఏర్పాట్లన్నీ పడమటి దిక్కుకే జరిగిపోయాయనీ, ఇప్పుడు మార్చడం సాధ్యం కాదనీ సేనాధిపతి మోల్ట్కె జవాబిచ్చాడు.

బాల్కన్ తగాదా మనకెందుకు అనుకున్నవారికి జవాబు ఆ సెప్టెంబరు 22 రాత్రి వచ్చింది. జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు రేవు ముందుకు వచ్చి, బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులను తగలబెట్టి పోయింది. సారయేవో కాల్పులకు అప్పటికి మూడు నెలలైనా నిండలేదు. అప్పుడు కూడా గురి చమురు మీదనే అన్నది గమనించదగిన సంగతి.

నెల రోజులుగా పత్రికల్లో నన్ను కలవరపెడుతున్నది కొత్త ఒప్పందాల వరుస. సెప్టెంబరు 17న సౌదీ అరేబియా, పాకిస్తాన్ రక్షణ ఒప్పందం చేసుకున్నాయి. ఒకరిపై దురాక్రమణ జరిగితే ఇద్దరిపై జరిగినట్టేనని దాని సారం. ఆ నెలాఖరులో, ఖతార్‌పై ఎటువంటి సాయుధ దాడి జరిగినా అమెరికా శాంతిభద్రతలకే ముప్పుగా పరిగణిస్తామని అమెరికా అధ్యక్షుడు ఉత్తర్వు జారీ చేశారు. అణ్వాయుధాలున్న రెండు దేశాలు తమ మాటను ఇలా అరబ్బు ద్వీపకల్పానికి ముడివేశాయి. 1914లో దేశాలను లోపలికి లాగినవి ఇటువంటి ముళ్లే.

సందేహి — 15 అక్టోబరు, రాత్రి

పాతపత్రిక గారూ, మీరు గురువులు, అయినా మీ ఉదాహరణే మీకు ఎదురు సాక్ష్యం చెబుతోంది. 1914లో ఇటలీ కూడా జర్మనీ, ఆస్ట్రియాలతో ఒప్పందంలో ఉన్న దేశమే. సమయం వచ్చేసరికి తటస్థంగా ఉంటానంది, మరుసటి ఏడాది ఎదుటి పక్షంలోనే చేరింది. ఒప్పందం ఉన్నంత మాత్రాన ఎవరూ ఉరికి రారు. పాకిస్తాన్‌నే తీసుకోండి. 2015లో యెమెన్ యుద్ధానికి సైన్యం పంపమని సౌదీ అడిగితే ఆ దేశ పార్లమెంటు తటస్థత పాటించాలని తీర్మానించింది.

ఇంకొక మాట. మాట్లాడుకునే మార్గం ఉంటే యుద్ధం ఆగుతుందని తరచూ అంటుంటారు. 1914లో రష్యా జారుకూ జర్మనీ కైజరుకూ నేరుగా తంతులు నడిచాయి, ఇద్దరూ బంధువులు. కైజర్ తంతి చూసి జారు జూలై 29 రాత్రి పూర్తి సమీకరణను ఆపించాడు, మరునాడు మంత్రుల ఒత్తిడికి లొంగి మళ్లీ ఆదేశమిచ్చాడు. కాబట్టి మార్గం ఉండటం వేరు, ఆగాలన్న కోరిక ఉండటం వేరు. జూన్‌లో ఇరాన్‌కూ అమెరికాకూ ఆ కోరిక ఉంది. రేపు కూడా ఉంటుంది, ఎందుకంటే పెద్ద యుద్ధం వల్ల ఇద్దరికీ నష్టమే.

కృష్ణాతీరం — 16 అక్టోబరు, ఉదయం

సందేహి గారి ఇటలీ ఉదాహరణ బలమైనదే. పాకిస్తాన్ సేనలు రేపే కదలివస్తాయని నేనూ అనుకోవడం లేదు. కానీ నా ఆందోళన వేరే చోట ఉంది.

జూన్ 23న ఇరాన్ చేసినది పరిశీలించండి. తన అణుకేంద్రాలపై అమెరికా దాడి చేశాక ఊరుకుంటే స్వదేశంలో పరువు దక్కదు, గట్టిగా కొడితే యుద్ధం పెరుగుతుంది. అందుకని అప్పటికే చాలావరకు ఖాళీ చేసిన స్థావరాన్ని ఎంచుకుని, ముందుగా కబురు పంపి, క్షిపణులు వేసింది. స్థావరంలో ఒక్క ప్రాణమూ పోలేదు. ముందుగా తెలియజేసినందుకు అమెరికా అధ్యక్షుడు బహిరంగంగానే కృతజ్ఞతలు చెప్పారు. 2020 జనవరిలో ఇరాన్ సేనాని సులేమానీని అమెరికా చంపిన తరువాత ఇరాక్‌లోని ఐన్ అల్ అసద్ స్థావరంపై దాడి కూడా ఇదే పద్ధతిలో, ముందే బాగ్దాదుకు చెప్పి చేసినదే. పరువూ దక్కాలి, పోరూ ఆగాలి అన్నప్పుడు ఇరాన్‌కు తెలిసిన మార్గం ఇది.

ఇప్పుడు పాతపత్రిక గారు చెప్పిన ఉత్తర్వును దీని పక్కన పెట్టి చదవండి. ఖతార్ నేలపై సాయుధ దాడి జరిగితే అమెరికాపై ముప్పు కిందే లెక్క. అంటే జూన్‌లో యుద్ధాన్ని ముగించడానికి పనికివచ్చిన అదే చర్య, రేపు యుద్ధాన్ని మొదలుపెట్టడానికి కారణం కాగలదు. ఖతార్‌కు ధైర్యం చెప్పడానికి ఇచ్చిన హామీ ఇరాన్ ముందున్న బయటపడే దారుల్లో ఒకదాన్ని మూసివేసింది.

ఆ హామీ ఎందుకు ఇవ్వవలసి వచ్చిందో కూడా చూడాలి. సెప్టెంబరు 9న ఇజ్రాయెల్ విమానాలు దోహాలోనే దాడి చేశాయి. లక్ష్యం హమాస్ ప్రతినిధులు, వారు ఆ సమయంలో అమెరికా పంపిన సంధి ప్రతిపాదనపైనే మంతనాలు జరుపుతున్నారు. మూడు నెలలు తిరగకుండా ఒకే దేశంపై రెండు ఎదురెదురు పక్షాలు దాడి చేశాయి. ఆ దేశమేమో ఈ పక్షాలన్నిటి మధ్య కబుర్లు మోసే దేశం. ఇరాన్, అమెరికాల మధ్య 1980 నుంచి దౌత్యసంబంధాలు లేవు. టెహ్రాన్‌లోని స్విట్జర్లాండ్ రాయబార కార్యాలయం, మస్కట్, దోహా, ఎక్కువగా ఈ మూడు గుమ్మాల ద్వారానే మాటలు నడిచాయి. భారత, పాకిస్తాన్‌ల మధ్య ఎంత వైరం ఉన్నా సైనిక కార్యకలాపాల అధిపతుల మధ్య నేరుగా ఒక ఫోను ఉంది. ఈ ఏడాది మే 10న కాల్పులు ఆగింది ఆ ఫోను మీద కుదిరిన మాటతోనే. ఇరాన్, ఇజ్రాయెల్‌ల మధ్య ఆ పాటి ఫోను కూడా లేదు.

నిర్వాహకులు — 16 అక్టోబరు, మధ్యాహ్నం

విషయానికి సంబంధం లేని రెండు వ్యాఖ్యలను తొలగించాము. మే నెల ఘటనలపై విడిగా చర్చ ఉంది, వాటి పూర్వాపరాలను అక్కడ రాయగలరు.

డిపోమనిషి — 16 అక్టోబరు, రాత్రి

పెద్ద యుద్ధం వస్తేనే మనకు సెగ తగులుతుందని కాదు, అందుకే లెక్క ఒకటి చెబుతాను. అత్యవసర నిల్వల కోసం విశాఖపట్నంలో రాతిని తొలిచి కట్టిన భూగర్భ గుహల్లో 13.3 లక్షల టన్నుల ముడిచమురు పడుతుంది. మంగళూరు, పాదూరులతో కలిపితే 53.3 లక్షల టన్నులు. అన్నీ నిండుగా ఉంటే దేశానికి తొమ్మిది, పది రోజులకు సరిపోతాయి. చమురు కంపెనీల సొంత నిల్వలు దీనికి అదనం కనుక ముడిచమురు విషయంలో కొంత ఊపిరి ఉంది. రష్యా నుంచి కూడా వస్తోంది.

వంటగ్యాసు సంగతి అలా కాదు. మనం వాడేదానిలో సగానికి పైగా దిగుమతే, అందులో అత్యధిక భాగం గల్ఫ్ నుంచే, హోర్ముజ్ దాటి రావలసిందే. విశాఖలో గ్యాసు నిల్వకు ఉన్న గుహ సామర్థ్యం 60 వేల టన్నులు. దేశం ఒక్క రోజు వాడకం 80 వేల టన్నులకు పైమాటే. సౌదీకి ఎర్రసముద్రం దాకా, యూఏఈకి ఫుజైరా దాకా ముడిచమురు గొట్టాలున్నాయి, జలసంధిని తప్పించి కొంత పంపగలరు. ఖతార్ సహజవాయువుకు ఆ వెసులుబాటు లేదు.

ఎడారిబాట — 17 అక్టోబరు, రాత్రి

కృష్ణాతీరం గారు రాసిన సెప్టెంబరు 9 గురించి ఒక మాట. జూన్‌లో గగనతలం మూశారు, సూచనలు వచ్చాయి, ఏదో జరగబోతోందని మాలాంటి వాళ్లకూ అర్థమైంది. సెప్టెంబరులో అటువంటిదేమీ లేదు. మధ్యాహ్నం లోడు దించుతుండగా దూరంగా చప్పుడయింది, పొగ లేచింది. గ్యాసు పేలిందనుకున్నాము. అది ఇళ్లున్న ప్రాంతమని, విమానదాడి అని ఫోన్లలో చూసి తెలుసుకున్నాము. జూన్ దాడి కంటే ఇదే మమ్మల్ని ఎక్కువ భయపెట్టింది.

అప్పటి నుంచి మా క్యాంపులో తెలుగువాళ్లం కొన్ని ఏర్పాట్లు చేసుకున్నాము. భారత రాయబార కార్యాలయంలో వివరాలు నమోదు చేయించుకున్నాము. నా మునుపటి యజమాని పాస్‌పోర్టులు తన బీరువాలో పెట్టుకునేవాడు, అది చట్టవిరుద్ధమని తెలిసీ అడగలేకపోయాను. ఇప్పుడున్న చోట అడిగి తీసుకున్నాము. జీతం రసీదులు, ఒప్పంద పత్రాలు ఫోటోలు తీసి ఇంటికి పంపాము. ఇది మా చిన్నాయన చెప్పిన జాగ్రత్త. కువైట్‌లో నష్టపోయినవారికి తరువాతి ఏళ్లలో ఐక్యరాజ్యసమితి నష్టపరిహార సంఘం ద్వారా మనిషికి 2,500 నుంచి 4,000 డాలర్ల దాకా ఇచ్చారు. ఆయనకు అందింది. అక్కడ పని చేసినట్టు కాగితం చూపలేని ఒక స్నేహితుడికి అందలేదు.

నౌకామార్గం — 18 అక్టోబరు, ఉదయం

ఆగాలన్న కోరిక ఇద్దరికీ ఉందన్న సందేహి గారి మాటను ఒప్పుకుంటూనే ఒక ప్రశ్న వేస్తాను. ఆ కోరిక ఎంత కిందిదాకా చేరుతుంది?

2020 జనవరి 8నే చూడండి. ఐన్ అల్ అసద్ దాడి ముందే కబురు పెట్టి చేసినది, టెహ్రాన్‌లో పెద్దలు ఇక చాలించాలన్న నిర్ణయానికి వచ్చారు. అదే తెల్లవారుజామున టెహ్రాన్ శివార్లలో క్షిపణి రక్షణ విభాగంలోని సిబ్బంది, విమానాశ్రయం నుంచి అప్పుడే లేచిన ఉక్రెయిన్ ప్రయాణికుల విమానాన్ని ప్రతిదాడిగా పొరబడి కూల్చేశారు. 176 మంది పోయారు. గగనతలాన్ని మూయనే లేదు. విన్సెన్స్ విషయంలోనూ అంతే, వాషింగ్టన్‌లో ఎవరూ ఆ విమానాన్ని కూల్చాలనుకోలేదు. ఈ రెండుసార్లూ చనిపోయినవారిలో అత్యధికులు ఇరాన్ పౌరులే, మొదటిసారి ఇరాన్ అలసిపోయి ఉంది, రెండోసారి తప్పు తనదే. అందుకే పెరగలేదు. విమానం నిండా అమెరికన్లో, ఇజ్రాయెలీలో ఉండి ఉంటే ఏ నాయకుడు సంయమనం అన్న మాట ఎత్తగలిగేవాడు?

సందేహి — 18 అక్టోబరు, రాత్రి

నౌకామార్గం గారి ప్రశ్నకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు. అయినా పందెం మార్చను. లెబనాన్‌లో హిజ్బుల్లా 2024లోనే దెబ్బతింది, అదే డిసెంబరులో సిరియాలో అసద్ ప్రభుత్వం కూలింది, ఇరాన్ తరఫున నాలుగు దిక్కులా పోరాడేవాళ్లు ఇప్పుడు లేరు. యుద్ధం పెరగడానికి చేతులు కావాలి.

పాతపత్రిక — 19 అక్టోబరు, ఉదయం

ఆ చేతులు విరిగినందువల్లనే ఇరాన్ తన సొంత గడ్డ మీది క్షిపణులను, హోర్ముజ్‌నూ, తన దగ్గర మిగిలిన శుద్ధిచేసిన యురేనియాన్నీ తప్ప మరిదేన్నీ నమ్ముకోలేని స్థితికి వచ్చింది. గత నెల 28న ఐక్యరాజ్యసమితి ఆంక్షలు మళ్లీ అమలులోకి వచ్చాయి. అరవై శాతం శుద్ధిచేసిన యురేనియం నాలుగు వందల కిలోలకు పైగా ఉండేది, జూన్ తరువాత అంతర్జాతీయ తనిఖీదారులు దాన్ని కళ్లతో చూడలేదు. బలహీనుడు ఎప్పుడూ మెత్తగా ఉంటాడన్న నియమం లేదు. 1914లో ఆస్ట్రియా కూడా తన బలం తరిగిపోతోందన్న బెదురుతోనే తెగించింది.

కృష్ణాతీరం — 19 అక్టోబరు, సాయంత్రం

సందేహి గారూ, మీ పందేనికి ఒక గుర్తు పెట్టుకుందామా? అమెరికా, ఇరాన్ ప్రతినిధుల ఆరో విడత చర్చలు జూన్ 15న మస్కట్‌లో జరగవలసి ఉంది. రెండు రోజుల ముందు దాడులు మొదలై అవి రద్దయ్యాయి. సంప్రదింపులు జరుగుతున్న సమయంలోనే దెబ్బ తిన్న పక్షం మళ్లీ అదే బల్ల ముందు కూర్చోవడానికి ఏ భరోసా అడుగుతుంది, దాన్ని ఎవరు ఇవ్వగలరు?

సందేహి — 19 అక్టోబరు, రాత్రి

ఒప్పుకుంటున్నాను. మస్కట్‌లో ఆ ఆరో విడతకు కొత్త తేదీ పడితే నా వాదన నెగ్గినట్టు. భరోసా ఎవరిస్తారన్నారు, ఒమన్ ఇవ్వలేదు, అమెరికాయే ఇవ్వాలి, అది ఇజ్రాయెల్ తరఫున కూడా పూచీ పడవలసి ఉంటుంది. అది కష్టమని నాకూ తెలుసు. తేదీ వార్త కనిపించిన రోజు ఇక్కడే రాస్తాను. అంతదాకా ఈ చర్చకు తాళం వేయవద్దని నిర్వాహకులకు మనవి.